ఆ గంట ఏ ఊరి గంట?

బ్రెడ్డు చేయడం నేర్పే పుస్తకాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. ఈస్టును గోరువెచ్చని నీళ్లలో కలపండి, పిండి ముద్దకు తడిగుడ్డ కప్పి వెచ్చని చోట గంటసేపు ఉంచండి, రెట్టింపవుతుంది అని. మే నెల మధ్యాహ్నం విజయవాడలో కూర్చుని ఆ మాట చదివితే ఏం చేయాలి? డాబా మీది ట్యాంకులోంచి కుళాయికి వచ్చే నీళ్లు అప్పటికే చెయ్యి చురుక్కుమనేంతగా కాగి ఉంటాయి. ఇంట్లో వెచ్చగా లేని చోటంటూ ఉండదు. మరి గోరువెచ్చన అంటే ఎంత? వెచ్చని చోటు అంటే ఏది? ఆ గంట ఏ ఊరి గంట? ఇంట్లో బ్రెడ్డు చేసుకోవాలని సరదాపడి, రెండు మూడుసార్లకే విసిగి మానేసిన తెలుగువాళ్ల కష్టాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల్లోనే ఉందని నేను నమ్ముతాను. వాళ్ల చేతుల్లో లోపం లేదు.

మా వీధిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పుట్టినరోజు అంటే మూడంతస్తుల కేకు నిలబెడతారు, క్రీముతో గులాబీలు పూయిస్తారు. బ్రెడ్డు మాట ఎత్తితే మాత్రం, "అది మనకు కుదరదండీ, ఒకసారి వస్తే ఇంకోసారి రాదు" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కేకును పైకి లేపేది బేకింగ్ పౌడర్. తడి, వేడి తగిలితే గ్యాసు వదలడమే దాని పని. తూచి వేస్తే జనవరిలో ఎంత పనిచేస్తుందో మేలోనూ దాదాపు అంతే పనిచేస్తుంది. ఈస్టు అలా కాదు. దానికి ప్రాణం ఉంది. పిండిలోని చక్కెరలు తిని గ్యాసునూ కాస్త మద్యాన్నీ వదులుతుంది. చలికి మందగిస్తుంది, ఎండకు చెలరేగుతుంది, 60 డిగ్రీల లోపే చచ్చిపోతుంది. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే పులిసే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే 20 డిగ్రీల వంటింట్లో గంటలో జరిగే పని 36 డిగ్రీల వంటింట్లో ఇరవై నిమిషాలకే అటూఇటూగా అయిపోతుంది. పుస్తకం గంట అంది కదా అని మనం గంటా ఆగుతాం.

నేను మొదలుపెట్టింది అలాంటి వేసవిలోనే. తూకాలు చెప్పినవే, నీళ్లు వెచ్చనివే, గంట గంటే. గిన్నె మీద గుడ్డ తీసేసరికి ముద్ద అంచులదాకా పొంగి నడుమ కుంగి ఉండేది. గుప్పున కల్లు వాసన. వేలు ఆనిస్తే లోపలి గాలంతా దిగిపోయేది. దాన్నే చుట్టి అచ్చులో పెట్టి కాలిస్తే లోపల పెద్ద పెద్ద బొక్కలు, అడుగున పచ్చి ముద్ద, పైన మాత్రం ఎంతసేపు కాల్చినా రంగు లేదు. ఆ పాలిపోయిన పైపొర నన్ను చాలాకాలం వేధించింది. ఓవెన్ వేడి పెంచి చూశాను, పాలు పూసి చూశాను. కారణం అక్కడ లేదు. పైపొర ఎర్రగా కాలాలంటే పిండిలో కొంత చక్కెర మిగిలి ఉండాలి. ఎక్కువసేపు పులిసిన పిండిలో ఈస్టు దాన్ని ముందే తినేస్తుంది. కాలేటప్పుడు కనిపించే లోపానికి మూలం గిన్నెలో గడిచిన సమయంలో ఉంది.

బేకరీల్లో వాడే ఒక లెక్క ఉంది. అది తెలిశాక నాకు చిక్కంతా విడిపోయింది. కలిపిన ముద్ద వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలనుకోండి. ఇరవై ఆరు మూళ్లు డెబ్బై ఎనిమిది. అందులోంచి గది వేడిని, పొడిపిండి వేడిని తీసేస్తే మిగిలేది నీళ్లకు ఉండాల్సిన వేడి. యంత్రంతో కలిపితే రాపిడి వల్ల పుట్టే వేడిని కూడా తీసేయాలి, చేత్తో కలిపితే అది కొద్దిపాటిదే. చలిదేశపు వంటింట్లో గది 20, పిండి 20 అనుకుంటే నీళ్లు 38 డిగ్రీలు ఉండాలి. సరిగ్గా గోరువెచ్చన. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు అదే లెక్క మన ఇంటికి వేయండి. గది 36, డబ్బాలోని మైదా 35. డెబ్బై ఎనిమిదిలోంచి డెబ్బై ఒకటి పోతే మిగిలింది ఏడు. నీళ్లు 7 డిగ్రీలు ఉండాలి. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా నీళ్లు. ఒకే రొట్టె, ఒకే లెక్క, అక్కడ గోరువెచ్చని నీళ్లు, ఇక్కడ ఐసు నీళ్లు. ఎండాకాలంలో బేకరీవాళ్లు పిండిలో ఐసు వేసి కలపడం ఇందుకే. ఈ చిన్న లెక్క వంటపుస్తకం మొదటి పేజీలో ఉండాల్సింది. నాకు ఎంతో ఆలస్యంగా దొరికింది.

అయితే నేరుగా ఈస్టు మీద ఐసు నీళ్లు పోస్తే ఇంకో చిక్కు వస్తుంది. కొట్లో దొరికే ఎండు ఈస్టు రెండు రకాలని చెప్పేవాళ్లు తక్కువ. లావు గింజలుగా ఉండే యాక్టివ్ డ్రై ఈస్టును ముందు 40 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లలో మేల్కొలపాలి. చల్లని నీళ్లలో వేస్తే ఆ కణాల్లోంచి గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికి కారుతుంది, అది పిండి పట్టును సడలిస్తుంది. నాలుగు చెంచాల వెచ్చని నీళ్లలో దాన్ని నానబెట్టి, తక్కిన నీళ్లు మాత్రం ఫ్రిజ్‌వి పోసుకోవాలి. సన్న గింజల ఇన్‌స్టంట్ ఈస్టుకు ఆ బాధ లేదు, పొడిపిండిలో కలిపేసి తర్వాత నీళ్లు పోయొచ్చు. ఒకదానికి బదులు ఇంకోటి వాడేటప్పుడు ఇన్‌స్టంట్ ఈస్టు సుమారు పావు వంతు తక్కువ పడుతుంది. ప్యాకెట్టు విప్పాక వంటింటి అరలో వదిలేయకూడదు. మన గాలిలోని వేడికీ తేమకూ అది త్వరగా నిర్జీవమవుతుంది. మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇక పిండి సంగతి. మైదా ముద్దను నీళ్ల కింద పట్టి కడుగుతూ పోతే గంజి కారిపోయి చేతిలో సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. 18వ శతాబ్దంలో ఇటలీలోని బొలోన్యాలో బెక్కారీ అనే పండితుడు ఇలాగే కడిగి దాన్ని వేరుచేసి చూపాడు. ఈస్టు వదిలే గ్యాసును పట్టి ఉంచేది ఆ జిగురే. మన మైదా ప్యాకెట్ల మీద నూరు గ్రాములకు మాంసకృత్తులు పది గ్రాముల దగ్గర రాసి ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో బ్రెడ్డు కోసం అమ్మే పిండిలో పన్నెండు, పదమూడు. ఆ పిండి తాగే నీళ్లు మన మైదా తాగదు. పుస్తకంలో ఉన్నన్ని నీళ్లూ పోస్తే ముద్ద జావైపోయి చేతులకు అంటుకుంటుంది. అంటుకుంటోందని గుప్పెడు పిండి చల్లుతాం, ఇంకా అంటుకుంటే ఇంకో గుప్పెడు. చివరికి ఉప్పూ ఈస్టూ చాలని గట్టి రొట్టె తయారవుతుంది. నీళ్లే ముందు తగ్గించుకోవాలి. అరకిలో మైదాకు మూడు వందల గ్రాముల నీళ్లతో మొదలుపెట్టి, కావాలంటే చెంచాడు చెంచాడు కలుపుకోవడం మేలు. ఉప్పు పది గ్రాములు. దాన్ని రుచి కోసమే అనుకోవద్దు. అది జిగురుకు బలం ఇస్తుంది, ఈస్టు దూకుడును అదుపులో పెడుతుంది.

గోధుమపిండితో చేద్దామని చాలామంది ఆశపడతారు. ఆ ఆశ మంచిదే. ప్యాకెట్టు మీద మాంసకృత్తులు మైదా కన్నా ఎక్కువే కనిపిస్తాయి, అయినా రొట్టె బరువుగా వస్తుంది. తవుడు రేణువులు జిగురు పొరలను తెంపుతాయి. పైగా మన పిండిమర రాళ్ల మధ్య గట్టిగా నలిగి గింజలోని గంజి చాలా దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్న గంజి నీళ్లు ఎక్కువ తాగుతుంది. చపాతీ పొంగడానికీ మెత్తగా ఉండడానికీ అది వరం, బ్రెడ్డుకు ఇబ్బంది. పూర్తి గోధుమ అని అమ్మే బ్రెడ్డు కవరు తిప్పి చూడండి, చాలావాటి మీద చిన్న అక్షరాల్లో గ్లూటెన్ విడిగా రాసి ఉంటుంది. ఇంట్లో అయితే సగం మైదా, సగం గోధుమపిండి కలిపిన రొట్టే నాకు నచ్చింది. రుచి ఉంటుంది, కాస్త లేస్తుంది కూడా.

కొత్తగా చేసేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది మొదటి పది నిమిషాల పిసుకుడు. ముద్ద చేతికీ పళ్లేనికీ అంటుకుని ఎటూ రాదు. అక్కడే చాలామంది వదిలేస్తారు. నాకు ఆ భయం తీరింది బొబ్బట్ల వల్ల. మా అమ్మ తోపుపిండి జారుగా కలిపి, రోట్లో వేసి రోకలితో దంచి, పైన నూనె పోసి మూతపెట్టేది. శనగపప్పు ఉడికి పూర్ణం రుబ్బేదాకా దాని జోలికి పోయేది కాదు. తీసేసరికి పిండి తీగలా సాగేది, పూర్ణం చుట్టూ పలుచని పొరై చిరగకుండా నిలిచేది. నూనె చేసే పని వేరే ఉంది, నాననివ్వడం చేసే పని మాత్రం బ్రెడ్డులోనూ అదే. ఫ్రాన్సులో రేమండ్ కాల్వెల్ అనే రొట్టెల ఆచార్యుడు 1970లలో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ముందు పిండీ నీళ్లూ మాత్రమే కలిపి అరగంట వదిలేయాలి, ఉప్పు ఆ తర్వాతే వేయాలి. ఆ అరగంటలో జిగురు తనంతట తాను అల్లుకుంటుంది, పిసికే శ్రమ చాలా తగ్గుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా బ్రెడ్డు చేసేవాళ్లు దాన్ని పాటిస్తున్నారు. తోపుపిండి తెలిసిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. ఒక చిన్న తునక తీసి రెండు చేతులతో మెల్లగా చాచండి. వెలుతురు కనిపించేంత పలుచగా సాగి చిరగకపోతే పిసకడం చాలు.

అసలు పిసకకుండానే చేయొచ్చని న్యూయార్క్‌లో జిమ్ లేహీ అనే బేకరు చూపించాడు. 2006 నవంబరులో మార్క్ బిట్‌మన్ ఆ పద్ధతిని న్యూయార్క్ టైమ్స్‌లో రాయగానే లక్షల ఇళ్లలో జనం అలా చేయడం మొదలుపెట్టారు. పావు చెంచా ఈస్టు, జారైన పిండి, పద్దెనిమిది గంటల నిరీక్షణ. ఆ వంటకంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకోటి. ముద్దను వెచ్చని గదిలో ఉంచమంటూ, వెచ్చదనం ఎంతో కూడా అందులో రాశారు. సుమారు 70 ఫారెన్‌హీట్, మన లెక్కలో 21 డిగ్రీలు. మన ఇంట్లో ఏసీని బాగా తగ్గించి పెడితే వచ్చే చలి అది. న్యూయార్క్‌లో నవంబరుకు అది వెచ్చని గది. ఆ ఒక్క అంకె ఉండబట్టి ఆ వంటకాన్ని ఎవరైనా తమ ఊరికి మార్చుకోవచ్చు. అంకె తీసేసి పద్దెనిమిది గంటలు మాత్రం పట్టుకుంటే మన దగ్గర మిగిలేది పుల్లటి జావ.

ఇదే ఇబ్బంది తిరగేసి చూడాలంటే అమెరికాలోని తెలుగిళ్లలో చూడాలి. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. వెళ్లిన మొదటి చలికాలం రోజూ ఫోను. "అక్కా, ఇడ్లీ పిండి రుబ్బి రాత్రంతా ఉంచినా అలాగే ఉంది, ఒక్క బుడగ రాలేదు." అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసిన ఉపాయం దానికి కూడా తొందరలోనే తెలిసింది. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టాలి. ఆ బల్బు వేడికి పిండి పొద్దుటికి పొంగుతుంది. మా చెల్లెలికి అక్కడ ఇడ్లీ పిండి ఎలాగో, నాకు ఇక్కడ బ్రెడ్డు పిండి అలాగే. ఇద్దరం వేరే ఊరి వంటను మేమున్న ఊరి వేడిలో పులియబెట్టాలని చూస్తున్నాం.

ఇడ్లీ విషయంలో మన అమ్మలు ఎవరూ గంటలు చెప్పరు. "ఎండాకాలం పొద్దుపోయాక రుబ్బు, తెల్లారేసరికి పులిసిపోతుంది" అంటారు. చలికాలమైతే "పొయ్యి పక్కన పెట్టి దుప్పటి కప్పు" అంటారు. మూత తీసి చూసి, గరిటె తిప్పి, వాసన చూసి చెబుతారు. ఆ పరిజ్ఞానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అలాగని ఇడ్లీ తెలిస్తే బ్రెడ్డూ వచ్చేసినట్టేనని కూడా అనను. రెండూ వేరు. ఇడ్లీ పిండిని ప్రధానంగా పొంగించేది ఈస్టు కాదనీ, లూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా అనీ 1960లలో పరిశోధకులు తేల్చారు. అక్కడ గ్యాసును పట్టి ఉంచేది మినప్పప్పు జిగట, గ్లూటెన్ లేదు. అది కాస్త ఎక్కువ పులిసినా దారి ఉంది, ఇడ్లీ కాకపోతే దోసె, అదీ కాకపోతే పునుగులు. బ్రెడ్డు పిండి అంత ఓర్పు చూపదు. జిగురు ఒకసారి సడలిందంటే రొట్టె నిలబడదు. అయినా పారేయనక్కర్లేదు. దాంట్లోంచి ఒక ముద్ద ఫ్రిజ్‌లో దాచి, పెరుగుకు తోడు వేసినట్టు మర్నాటి కొత్త పిండిలో కలిపితే రుచి పెరుగుతుంది. ఫ్రాన్సు బేకరీల్లో ఇది పాత అలవాటే.

ఈస్టు ప్రాణమున్నదని శాస్త్రవేత్తలు ఒప్పుకున్నది 19వ శతాబ్దంలో. పాశ్చర్ ప్రయోగాల తర్వాత కూడా కొందరు కాదని వాదించారు. రొట్టె మాత్రం వేల ఏళ్లుగా పొంగుతూనే ఉంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేయి నగరంలో, ముక్కలుగా విరుచుకోవడానికి పైన గాట్లు పెట్టిన గుండ్రటి రొట్టెలు బొగ్గై దొరికాయి. వాటిని చేసినవాడి దగ్గర థర్మామీటరు లేదు. రోజూ చేసేవాడు కాబట్టి ఆ ఊరి వేడి అతని చేతికి తెలుసు. నెలకోసారి చేసే మనకు, అందులోనూ పరాయి ఊరి పుస్తకం చూసి చేసేవాళ్లకు, ఆ తెలివిడి అంత తొందరగా రాదు. అందుకే నేను థర్మామీటరు కొనుక్కోమంటాను. వంటగదిలో వాడే చిన్న డిజిటల్‌ది నాలుగైదు వందల రూపాయల్లో వస్తుంది. ముద్దలో గుచ్చితే పులియడం ఎంత వేగంగా ఉండబోతోందో చెబుతుంది. కాలాక రొట్టె నడుమ గుచ్చితే 93 దాటిందా లేదా చెబుతుంది, లోపల పచ్చిగా ఉందేమోనన్న బెంగ తీరిపోతుంది. మన చిన్న ఓటీజీ ఓవెన్లలో పై కడ్డీ రొట్టెకు మరీ దగ్గర. పైన రంగు రాగానే రేకు కప్పి నడుమ కాలనివ్వాలి. దించాక పూర్తిగా చల్లారేదాకా కోయకపోవడం ఇంట్లోవాళ్లకు కష్టమే, కానీ లోపలి గంజి ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. అప్పుడే కోస్తే చాకుకు అంటుకుని ముద్దవుతుంది.

మన వేసవికి నేను తేల్చుకున్న పద్ధతి ఫ్రిజ్. ఈస్టు సగానికి తగ్గించి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు చల్లని నీళ్లతో కలిపి, ముద్ద కాస్త ఉబ్బగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. నాలుగు డిగ్రీల దగ్గర ఈస్టు దాదాపు నిద్రపోతుంది, రుచినిచ్చే మార్పులు మాత్రం మెల్లగా సాగుతూనే ఉంటాయి. మర్నాడు తీసి, చుట్టి, అచ్చులో ఉబ్బనిచ్చి కాల్చుకోవచ్చు. ఇలా చేసిన రొట్టెలో ఉండే కమ్మదనం, గంటలో హడావుడిగా పొంగించిన దానిలో నాకు ఎప్పుడూ దొరకలేదు. సంక్రాంతి రోజుల్లో ఈ తంటా ఏదీ అక్కర్లేదు. రాత్రిళ్లు చలి దిగి వంటిల్లు ఇరవై డిగ్రీలకు దగ్గరపడ్డప్పుడు పుస్తకంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు పనికొస్తాయి. మొదటిసారి చేయాలనుకునేవాళ్లు అప్పుడు మొదలుపెట్టడం మంచిది. మేలో మొదలుపెట్టి మనసు విరిగినవాళ్లను చాలామందిని చూశాను.

కొట్లో చవగ్గా దొరికేదానికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో కాల్చిన రొట్టె చల్లారాక, పెళపెళలాడే ఆ చివరి ముక్క కోసి వెన్న రాసుకుని తిన్నవాళ్లు ఆ మాట అడగరు. అందులో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఏమీ లేవు. ఇంట్లో పిల్లలకు పెట్టేదాంట్లో ఏముందో తెలియడం నాకు చిన్న విషయం కాదు. అంతకంటే, కంటికి కనిపించని ప్రాణిని సరైన వేడిలో, సరైన సమయానికి కనిపెట్టి ఉండడంలో ఒక తృప్తి ఉంది. దానికోసమైనా నేను చేస్తాను.

తెలుగులో వంటలు రాసేవాళ్లకు, వీడియోలు చేసేవాళ్లకు నా మనవి ఒకటే. "గంట ఉంచండి" అని వదిలేయకండి. మీది ఏ ఊరో, అది ఏ నెలో, గది ఎంత వేడిగా ఉందో చెప్పండి. నీళ్లు ఎంత చల్లగా పోశారో, పిండి ప్యాకెట్టు మీద మాంసకృత్తులు ఎన్ని గ్రాములో చెప్పండి. కప్పులు కాకుండా గ్రాములు చెప్పండి. ముద్ద ఎంత ఉబ్బితే చాలో, పిండి అద్దిన వేలు గుచ్చితే గుంట ఎంత మెల్లగా పూడాలో చూపించండి. ఇంట్లో చేసుకునేవాళ్లు కూడా, రొట్టె బాగా వచ్చిన రోజున తూకాల పక్కనే ఆ రోజు వంటింటి వేడిని రాసిపెట్టుకోండి. పక్కింటావిడ వచ్చి ఎలా చేశారని అడిగితే, తూకాలతోపాటు ఆ అంకె కూడా ఇవ్వండి.